సలీం ఆలీ - కసాయిపిట్ట

పాడు పక్షులు సాధువులనియు, వేటాడు పక్షులు క్రూరములనియు మనము సామాన్యముగా తలంతుము. కోకిలను, పిగిలిపిట్టను ఒక వైపునను, డేగను, గద్దను మరియొక వైపునను నిలుపుదుము. ఈ లెక్కను తారుమారు చేయు చిన్న పక్షి యొకటి మన ఊరి పొలిమేరలోనే కలదు. దాని కథ చెప్పవలెనన్న, మన దేశమునకు పక్షులను చూచుట నేర్పిన ఒక మహనీయుని కథ కూడ చెప్పవలెను.

హైదరాబాదు నగరమున హుస్సేను సాగరమునకు దాపున దోమలగూడ అను పేట కలదు. నేడచ్చట ఇండ్లును, అంగళ్లును, విద్యాలయములును క్రిక్కిరిసియున్నవి. రామకృష్ణ మఠము ఆ పేటలోనే యున్నది. ఈ సందడి నడుమ 76 ఎకరముల విస్తీర్ణము గల ఇందిరా పార్కు పచ్చని దీవివలె నొప్పుచున్నది. ఇది 1978వ సంవత్సరమున ప్రజలకు తెరువబడినది.

హైదరాబాదులోని ఇట్టి తోటలలో చలికాలపు ఉదయమున నడచువారికి ఒక్కొక్కప్పుడు ఒక పక్షి కంటబడును. అది పిచ్చుక కంటె పెద్దది, గోరువంక కంటె చిన్నది. దాని వీపు గోధుమవన్నెగా నుండును. కన్నుల మీదుగా ఒక నల్లని పట్టె, దొంగ కట్టుకొన్న ముసుగువలె, సాగియుండును. అది జంట లేక, గుంపు లేక, కొమ్మ చివర ఒంటరిగా కూర్చుండి నేలవంక తదేకముగా చూచుచుండును. అంతలో బాణమువలె క్రిందికి దుమికి, మిడుతను ముక్కున కరచుకొని, మరల ఆ కొమ్మకే చేరును. ఇదియే కసాయిపిట్ట. హిందుస్తానీలో దీనిని లటోరా యందురు. శాస్త్రజ్ఞులు దీని ప్రజాతికి పెట్టిన లానియస్ అను లాటిను పేరునకు కూడ కసాయివాడనియే అర్థము.

ఇట్టి పక్షులను కాల్చి పెట్టెలలో దాచుట మాత్రమే పక్షిశాస్త్రమని పెక్కుమంది తలచుచుండిన కాలమున, వాని బ్రతుకును కనులార చూచి వ్రాసుకొనుటయే అసలైన శాస్త్రమని ఆచరించి చూపినవాడు సలీం ఆలీ.

ఆయన 1896వ సంవత్సరము నవంబరు 12వ తేదీన బొంబాయిలో జన్మించెను. తల్లిదండ్రులకు ఆయన కడగొట్టు బిడ్డ. ఏడాది వయసున తండ్రి, మూడేండ్ల వయసున తల్లి గతించిరి. మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీయు, ఆయన భార్య హమీదా బేగమును ఆ అనాథ శిశువులను తమ బిడ్డలవలె పెంచిరి. మేనమామకు వేటయందు మక్కువ మెండు. మేనల్లునికి కూడ ఆ మక్కువయే అబ్బెను. చిన్న గాలితుపాకి చేతబట్టి పిచ్చుకలను కొట్టుటయే ఆ బాలుని ఆటయై యుండెను.

సుమారు 1908 ప్రాంతమున ఆ తుపాకికి ఒక పిచ్చుక నేలకూలెను. తీసి చూడగా దాని కంఠమున పసుపుపచ్చని మచ్చ యుండెను. అట్టి పిచ్చుకను బాలుడంతకుముందు ఎరుగడు. మేనమామను అడుగగా ఆయనకును అది తెలియలేదు. ఆయన బాలుని బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమునకు పంపెను. ఆ సంఘ కార్యదర్శి మిల్లార్డు అను ఆంగ్లేయుడు. బాలుడు బెదురుచునే ఆయన ఎదుట నిలిచెను. మిల్లార్డు విసుగుకొనలేదు. ఆ పిచ్చుక పేరు చెప్పి, బీరువాలలో వరుసగా అమర్చిన వందలాది పక్షులను చూపి, చదువుకొనుటకు పుస్తకములిచ్చెను. చంపిన పక్షిని గూర్చి కలిగిన ఒక్క సందేహము ఆ బాలుని జీవితమార్గమునే త్రిప్పివేసెను.

అయితే ఆ మార్గము పూలబాట కాలేదు. కళాశాల చదువు మధ్యలోనే నిలిచిపోయెను. గణితము ఆయనకు కొరుకుడుపడలేదు. 1914లో బర్మాకు పోయి బంధువుల గనుల వ్యాపారమున చేరెను. అచ్చటి అడవులలో వ్యాపారము కంటె పక్షులే ఆయన మనసును ఎక్కువగా ఆకర్షించెను. 1917లో తిరిగివచ్చి కొంతకాలము జంతుశాస్త్రము నభ్యసించెను. 1918లో తెహ్మీనా అను విదుషీమణిని వివాహమాడెను. భారత జంతుశాస్త్ర పరిశోధన శాఖలో ఉద్యోగమునకై యత్నింపగా, పట్టము లేదన్న కారణమున అది లభింపలేదు. తుదకు 1926లో బొంబాయి వస్తుప్రదర్శనశాలలో సందర్శకులకు బోధించు చిన్న ఉద్యోగము దొరకెను. ఇంకను నేర్వవలెనన్న తపనతో 1928లో సెలవు పెట్టి జర్మనీకి పోయి, బెర్లినులో స్ట్రెసెమన్ అను మహాపండితునికి శిష్యుడయ్యెను. 1930లో స్వదేశమునకు మరలివచ్చునప్పటికి, ధనము చాలదని ఆయన ఉద్యోగమునే తీసివేసియుండిరి.

విద్య యున్నది, పని లేదు. వయసు ముప్పది నాలుగేండ్లు. మరియొకడైనచో పక్షులను మరచి ఏ వ్యాపారమునో చూచుకొనియుండును. సలీం ఆలీ భార్యతో కూడ బొంబాయికి ఆవలి సముద్రతీరమున నున్న కిహిం గ్రామమునకు పోయి ఒక చిన్న ఇంట కాపురముండెను. ఇంటి చేరువనే ఒక చెట్టునకు గిజిగాళ్లు గూళ్లు అల్లుచుండెను. ఆయన నిచ్చెన యెక్కి, గుడ్డ మాటున కూర్చుండి, నెలల తరబడి వానిని కనిపెట్టెను. మగపక్షి ఒక గూడు సగము అల్లి ఆడుపక్షి కొరకు వేచియుండుననియు, ఆడుపక్షి వచ్చి నచ్చిన గూటిని స్వీకరించిన పిదప మగపక్షి మరియొక గూటికి, మరియొక జతకు పూనుకొనుననియు ఆయన కనుగొనెను. అంతకుముందు ఎందరో చూచిన పక్షియే యది. కాని ఓపికతో చూచినవాడు ఆయన.

ఆ దినములలోనే ఆయనకు ఒక ఉపాయము తోచెను. మన దేశమందలి సంస్థానములలో పెక్కింటి పక్షులను గూర్చి సమగ్రమైన లెక్కలు లేవు. తనకు జీతము వలదనియు, ప్రయాణమునకును, విడిదికిని అగు ఖర్చు మాత్రమిచ్చిన పక్షులను పరిశీలించి నివేదిక నిత్తుననియు ఆయన సంస్థానములకు తెలియజేసెను. ఆ తలపు మొట్టమొదట ఫలించినది హైదరాబాదు సంస్థానమున. నిజాము ప్రభుత్వము సమ్మతించినందున 1931-32లో హైదరాబాదు సంస్థాన పక్షి పరిశీలన జరిగెను.

నాటి హైదరాబాదు సంస్థానము సుమారు 82,000 చదరపు మైళ్ల దేశము. తెలుగు జిల్లాలతో పాటు మరాఠీ, కన్నడ జిల్లాలును అందుండెను. సలీం ఆలీ దంపతులు గుడారములు మోయించుకొని ఈ దేశమున తిరిగిరి. నల్లమలలోని అమ్రాబాదు పీఠభూమి అడవులు మొదలుకొని దక్కను మైదానపు ముండ్లపొదల వరకు ఆయన చూచెను. ఉదయమున వేకువ వెలుగుతో బయలుదేరి పక్షులను కనిపెట్టుట, మధ్యాహ్నము సేకరించిన పక్షుల చర్మములను శుద్ధిచేసి దాచుట, రాత్రి లాంతరు వెలుతురున దినచర్య వ్రాయుట - ఇది ఆయన దినక్రమము. విడిదుల కార్యభారమును తెహ్మీనా వహించెను.

ఆ కాలమున నమూనాలకై పక్షులను కాల్చక తప్పదు. కాని కాల్చిన ప్రతి పక్షియు ఏదో ఒక విషయము చెప్పవలెనని ఆయన నియమము. ఈకలు రాలి క్రొత్తవి మొలచుచున్నవా? అది గుడ్లు పెట్టు కాలమా? కడుపులో ఏ ఆహారమున్నది? ఈ వివరములన్నియు ఆయన వ్రాసికొనెను. ఒక పక్షి రైతునకు మేలు చేయునదా, కీడు చేయునదా యన్న ప్రశ్నకు ఉత్తరము దాని రూపమున లేదు, కడుపులో నున్నది. కసాయిపిట్ట వంటి పక్షికి న్యాయము జరుగవలెనన్న ఇట్టి పరిశీలనయే శరణ్యము.

దక్కను మైదానములు కసాయిపిట్టలకు పుట్టినిండ్లు. ఇచ్చట ముఖ్యముగా మూడు జాతులు ఏడాది పొడుగున నివసించును. అన్నిటికంటె చిన్నది కావివీపు కసాయిపిట్ట. దాని పొడవు సుమారు 18 సెంటీమీటర్లు. తల బూడిదవన్నె, వీపు ముదురు కావిరంగు. రెండవది పొడుగుతోక కసాయిపిట్ట. మూడవది తెలుపు, నలుపు, బూడిదవన్నెలు గల పెద్ద కసాయిపిట్ట. ఈ మూడవ జాతికి 1832లో శాస్త్రీయముగా పేరిడిన కర్నల్ సైక్సు అను ఆంగ్లేయుడు, మన హిందుస్తానీ పేరునే స్వీకరించి దానికి లహ్‌తోరా యని నామకరణము చేసెను. ఇందిరా పార్కు వంటి తోటలకు వచ్చు గోధుమవన్నె కసాయిపిట్ట మాత్రము చలికాలపు అతిథి. అది సైబీరియా, మంగోలియా ప్రాంతములలో గుడ్లు పెట్టి, శరత్కాలమున వేల మైళ్లు ఎగిరి మన దేశమునకు వచ్చును. నిరుడు విడిసిన తోటకే ఈ యేడును వచ్చి చేరుట దాని కలవాటు.

కసాయిపిట్ట వేటాడు పక్షియే అయినను డేగకు చుట్టము కాదు. కంఠమందలి స్వరపేటిక నిర్మాణమును బట్టియు, కాళ్ల తీరును బట్టియు అది పాడుపక్షుల వంశమునకే చెందినది. వింత యేమనగా, కవులు కొనియాడు కోకిల ఆ వంశమునకు చెందదు. డేగ ముక్కువలె కసాయిపిట్ట ముక్కు కొన వంగియుండును; పై ముక్కు అంచున పంటివంటి నొక్కు ఉండును. దానితో చిన్న ప్రాణుల మెడ వెనుక కరచి చంపును. అయితే డేగకున్న బలమైన గోళ్లు దానికి లేవు. పట్టిన ఎరను కాలితో అదిమిపట్టి చీల్చుకొనుటకు దానికి శక్తి చాలదు. అందుచేత అది ఎరను కొనిపోయి తుమ్మముల్లునకో, రేగుముల్లునకో గ్రుచ్చి, కదలకుండ చేసి, ముక్కుతో చీల్చి తినును. ఆకలి తీరిన పిదప మిగిలినదానిని ముల్లుననే వదలిపెట్టును. మిడుతలు, కీచురాళ్లు, చిన్న తొండలు, చుంచెలుకలు ముండ్లకు వ్రేలాడుచుండగా చూచిన మానవుడు తన అంగడిని తలచుకొని దానికి కసాయి యని పేరు పెట్టెను. క్రౌర్యముగా మనకు తోచునది నిజమునకు బలహీనతను కప్పిపుచ్చుకొను నేర్పు.

ఆ నిల్వ వలన ఇతర ప్రయోజనములు కూడ కలవని సలీం ఆలీ తరువాతి కాలమున శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఇజ్రాయేలు దేశపు ఎడారిలో ఎక్కువ ఎరను ముండ్లకు గ్రుచ్చి నిలువచేసిన మగపక్షులను ఆడుపక్షులు ముందుగా వరించుచున్నట్లు తేలినది. అమెరికాలోని ఒక జాతి విషముగల మిడుతను పట్టినయెడల, దానిని వెంటనే తినక, ఒకటి రెండు దినములు ముల్లున ఆరనిచ్చి, విషము విరిగిన పిమ్మట తినును.

ఇంతటి వేటకాడు పాడునా? పాడును. సామాన్యముగా దాని కూత కర్కశమే. కాని గుడ్లు పెట్టు కాలమున పొడుగుతోక కసాయిపిట్ట మెల్లని గొంతుతో దీర్ఘముగా పాడును. తీతువు కూత, కోకిల జాతుల పలుకులు, ఉడుత కిచకిచ, కుక్కపిల్ల అరపు - విన్న శబ్దములను తన పాటలో కలుపుకొనును. ముండ్లపొదలో అది కట్టు గూడును చూచినవారు దానిని కసాయి యనుటకు సంకోచింతురు. గడ్డి, పీచు, గుడ్డపేలికలు, వెండ్రుకలు సేకరించి గిన్నెవలె అల్లిన ఆ గూటిలో నాలుగైదు గుడ్లుండును. పిల్లలు రెక్కలు వచ్చి ఎగురువరకు తల్లిదండ్రులిరువురు అలసట లేక మేత తెచ్చి పెట్టుచుందురు.

ఆ మేతలో అధికభాగము మిడుతలు, గొంగళిపురుగులు, పేడపురుగులు. చుంచెలుకలును అందుండును. ఒక్కొక్కప్పుడు ఇతర పక్షుల పిల్లలను కూడ అది పట్టుట నిజమే. అయినను మొత్తముమీద పైరుకు అది చేయు మేలే ఎక్కువ. ఒక్క ముల్లును చూచి తీర్పు చెప్పినవానికి అది కసాయి; ఏడాది పొడుగున చూచినవానికి అది పొలము కావలి.

హైదరాబాదు పరిశీలన ఫలితములు 1933-34లో బొంబాయి సంఘపు పత్రికలో వరుసగా వెలువడెను. వానికి వివరణలు వ్రాసినవాడు హ్యూ విస్లర్ అను ఆంగ్లేయ పండితుడు. వీరి మైత్రి ఒక కలహముతో ఆరంభమయ్యెను. విస్లరు వ్రాసిన ఒక పక్షి వర్ణనలో పొరపాటున్నదని సలీం ఆలీ వెల్లడించెను. పేరెరుగని ఒక భారతీయుడు తన తప్పు పట్టుట విస్లరునకు మొదట రుచింపలేదు. కాని ఆయన తన వద్దనున్న నమూనాలను మరల పరీక్షించి, తప్పు తనదేయని అంగీకరించి, నాటినుండి సలీం ఆలీకి ఆప్తమిత్రుడయ్యెను. తప్పు చెప్పిన వాని ధైర్యమును, ఒప్పుకొనిన వాని ఔదార్యమును శాస్త్రమునకు రెండు కన్నుల వంటివి.

హైదరాబాదు తరువాత తిరువాన్కూరు, కొచ్చిన్, గ్వాలియరు, ఇందూరు, భోపాలు మొదలైన సంస్థానములలో ఆయన పరిశీలన సాగించెను. 1939లో తెహ్మీనా ఒక శస్త్రచికిత్స అనంతరము మరణించెను. ఆ దుఃఖమును దిగమ్రింగి ఆయన పనిలో మునిగెను. 1941లో భారతదేశ పక్షులను గూర్చి సామాన్యులకు అర్థమగునట్లు రంగుల బొమ్మలతో ఒక పుస్తకము ప్రకటించెను. అది దేశమున ఎందరినో పక్షిప్రియులను చేసెను. దేహరాదూను చెరసాలలో నున్న జవహర్‌లాల్ నెహ్రూ ఆ పుస్తకము ప్రతిని తన కుమార్తె ఇందిరకు పంపెను. దోమలగూడలోని తోట ధరించినది ఆమె పేరే.

1959 మొదలుకొని ఆయన నాయకత్వమున బొంబాయి సంఘము వలస పక్షుల కాళ్లకు చిన్న లోహపు కడియములు తొడిగి విడుచు కార్యమును పెద్దయెత్తున సాగించెను. దూరదేశమున ఆ పక్షి దొరికినప్పుడు కడియముపైనున్న అంకెను బట్టి అది ఎచ్చటినుండి వచ్చినదో తెలియును. పిమ్మట డిల్లన్ రిప్లీ అను అమెరికా శాస్త్రజ్ఞునితో కలిసి 1968-74 నడుమ పది సంపుటముల మహాగ్రంథమును వెలువరించెను. అందు అయిదవ సంపుటమున కసాయిపిట్టల వృత్తాంతము కలదు. అవి ఎచ్చట తిరుగునో, ఏమి తినునో, గూడు ఎట్లు కట్టునో ఆ పుటలలో చదువవచ్చును.

భారత ప్రభుత్వము ఆయనకు 1958లో పద్మభూషణమును, 1976లో పద్మవిభూషణమును ఒసగెను. 1976లో లభించిన గెట్టి బహుమాన ధనమును ఆయన తన కొరకు వాడుకొనక సంఘమునకు సమర్పించెను. పట్టము లేదని ఉద్యోగము దొరకని ఆయనను విశ్వవిద్యాలయములు గౌరవ పట్టములతో సత్కరించెను. 1985లో రాజ్యసభ సభ్యుడుగా నియమితుడయ్యెను. 1987 జూన్ 20వ తేదీన, తొంబది యేండ్ల నిండు వయసున, బొంబాయిలో పరమపదించెను.

బాల్యమున పక్షులను కొట్టిన చేయియే పెద్దయైన పిదప వానిని కాపాడుటకు కలము పట్టెను. ఆయన తన వేట కథలను దాచలేదు. ఆనాటి బాలుడు చెడ్డవాడనియు చెప్పలేదు. మానవునియందైనను, పక్షియందైనను ఒక్క గుణము చూచి పేరు పెట్టుట తొందరపాటని ఆయన జీవితమును, కసాయిపిట్ట జీవితమును ఏకకంఠముగా చాటుచున్నవి.

నేడు హైదరాబాదు నాలుగు దిక్కుల విస్తరించుచున్నది. పొదలతో, రాళ్లతో నిండిన భూములను మనము బంజరులనుచున్నాము. అవి పనికిమాలిన నేలలని ఎంచి చదును చేయుచున్నాము. మనకు పనికిరాని ఆ రేగుపొదయే కసాయిపిట్టకు ఇల్లు, వంటగది, ధాన్యపు కొట్టు. ముల్లు పోయిన చోట ఆ పక్షి బ్రతుకు కష్టము. ఒక నేలను పనికిరానిదని నిర్ణయించుటకు ముందు, సలీం ఆలీవలె అచ్చట కొన్ని ఉదయములు మౌనముగా కూర్చుండి చూడవలెను.

బాలలారా! ఈ చలికాలమున మీ వీధి తోటలో కొమ్మ చివర ఒంటరిగా కూర్చున్న ఆ నల్లపట్టె పక్షిని వెదకుడు. రాయి విసరకుడు. అది ఏమి పట్టినదో, ఎచ్చటికి కొనిపోయినదో, ఎట్లు కూసినదో ఒక చిన్న పుస్తకమున తేదీ వేసి వ్రాసికొనుడు. పసుపు మెడ పిచ్చుకను చేతబట్టుకొని బెదురుచు సంఘము మెట్లెక్కిన బాలుడు తన శాస్త్రమును ఒక్క సందేహముతోనే ఆరంభించెనని మరువకుడు.